చుక్కల మందు ఆపేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. కోతల్లో వరి ఆకు గీసుకుని కంట్లో పుండుపడి చూపు పోయింది. ఏడు నెలల క్రితం కార్నియా మార్చారు. బాగా కనిపిస్తోందని పది రోజులుగా చుక్కల మందు మానేశారు. ఇప్పుడు కన్ను ఎర్రబడింది. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తున్నాం. ఏం చేయమంటారు?
- ఓ సోదరి, తెనాలి

జవాబు: ఈ జవాబు కోసం చూడకుండా మీరు ఇప్పటికే ఆస్పత్రికి వెళ్లి ఉంటారని ఆశిస్తున్నాను. లేకపోతే ఆదివారమైనా సరే, ఈరోజే వెళ్లండి.

కార్నియా అంటే నల్లగుడ్డు ముందు గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర. ఆరోగ్యంగా ఉన్న కార్నియాలో రక్తనాళాలుండవు. అందుకే అమర్చిన కార్నియా మన రోగనిరోధక కణాలకు తేలిగ్గా చిక్కదు. కిడ్నీ మార్చినవారిలా రోజూ మాత్రలు మింగాల్సిన అవసరం చాలామందికి రాదు, చుక్కలతోనే సరిపోతుంది. అయితే 'తేలిగ్గా చిక్కదు' అంటే 'ఎప్పటికీ చిక్కదు' అని కాదు. శరీరం దాన్ని పరాయిదిగా గుర్తిస్తే దాడి మొదలవుతుంది. ఆ దాడిలో దెబ్బతినే లోపలి పొర కణాలు మళ్లీ పుట్టవు.

స్టెరాయిడ్ చుక్కలు ఆపరేషన్ అయిన వెంటనే మొదలుపెడతారు. తొలి రోజుల్లో ఎక్కువసార్లు వేసి, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. చాలామందికి ఏడాది దాటాక కూడా రోజుకొక చుక్క కొనసాగిస్తారు. మొదటి ఒకటి రెండేళ్లు ముప్పు ఎక్కువ. ఆ తర్వాతా పూర్తిగా పోదు. కార్నియాలోకి రక్తనాళాలు పాకినవారికి, గతంలో మార్పిడి విఫలమైనవారికి ముప్పు ఇంకా ఎక్కువ. అలాంటివారిలో కొందరికి సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్, మైకోఫినోలేట్ వంటి మందులు కూడా ఇస్తారు. వీటిని ఆపరేషన్‌కు ముందో, ఆ సమయంలోనో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చేస్తూ కొనసాగిస్తారు. దాడి మొదలయ్యాక ఆపడం కంటే మొదలవకుండా చూసుకోవడం మేలు కదా!

అలాగని పాత సీసా తీసి మీ అంతట మీరే చుక్కలు వేయకండి. ఎరుపుకు కారణం వదులైన కుట్టో, ఇన్ఫెక్షనో కూడా కావచ్చు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు స్టెరాయిడ్ ఒక్కటే వేస్తే మరింత చేటు. ఎక్కువకాలం వాడితే కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావొచ్చు. అందుకే ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. తొందరగా గుర్తిస్తే చాలా సందర్భాల్లో కార్నియాను కాపాడవచ్చు.

నాన్నగారికి ఒక మాట చెప్పండి. ఎవరో తమ ఇంటి మనిషిని పోగొట్టుకున్న దుఃఖంలోనూ ఆ కన్ను ఇచ్చారు. రోజుకొక చుక్క పెద్ద బరువేమీ కాదు.