చార్మినార్ రూపాయి, గుడ్లగూబ నాణెం

నిజామాబాద్ జిల్లా నవీపేట్, బోధన్ వైపు పాతతరం వాళ్లకు రెండు రూపాయిలు తెలుసు. హాలీ నిజాంది. కల్దార్ ఇంగ్లీషు వాళ్లది. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. 1937లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి చెరకు తోలిన రైతుకు ముట్టింది హాలీయే. ఆ మారకం లెక్క జనానికి నోటికి వచ్చు. ఆ నాణెం మీది రాజకీయాన్ని మాత్రం మన చరిత్ర పాఠాలు పట్టించుకోలేదు.

1857 దాకా నిజాంలు మొగల్ పాదుషా పేరు మీదే నాణేలు కొట్టించారు. ఢిల్లీ అధికారం ఏనాడో అడుగంటినా, ఆ పేరు తీసేయడమంటే తామే పాదుషాలమని చాటుకోవడం. చివరి పాదుషా బహదూర్ షా జఫర్ గద్దె దిగాకే నిజాంల మూలపురుషుడు అసఫ్ జా పేరు నాణేనికెక్కింది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో చార్మినార్ బొమ్మ వచ్చింది. దాని ద్వారంలో ఒకే అక్షరం: మహబూబ్‌కు మీమ్, అతని కొడుకు ఉస్మాన్‌కు ఐన్. ఇంగ్లీషు చక్రవర్తి తల ఎక్కడా లేదు. ఇంగ్లీషు రెసిడెంటు మాట జవదాటలేని రాజ్యం, తన స్వతంత్రాన్ని అరచేతిలో ఇమిడే వెండిబిళ్ల మీద నిలుపుకుంది.

గ్రీకులకు ఈ విద్య ఎప్పుడో తెలుసు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు ఏథెన్స్ నాణేనికి ఒకవైపు అథీనా దేవత, రెండోవైపు గుడ్లగూబ. మిత్ర నగరాలు తన నాణేలు, తూకాలు, కొలతలే వాడాలని ఏథెన్స్ శాసించింది. అలెగ్జాండర్ సేనాపతుల్లో రాజులైన కొందరు, వాళ్ల వారసులు తమ ముఖాలే వేసుకున్నారు. ఆ అలవాటు ఇండో-గ్రీకుల నుంచి క్షత్రపులకు, వారి నుంచి మన శాతవాహనులకు చేరింది. క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేలపై అతని ముఖం, గ్రీకు అక్షరాలు ఉండేవి. అతణ్ని ఓడించిన గౌతమీపుత్ర శాతకర్ణి వాటిని కరిగించలేదు, వాటి మీదే తన ముద్ర కొట్టించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో దొరికిన 13 వేల పైచిలుకు నాణేల్లో 9 వేలకు పైగా అలాంటివే. ఓడినవాడి ముఖం కింద నుంచి కనిపిస్తూనే ఉంటుంది.

ఇవన్నీ తెలిస్తేనే హైదరాబాద్ సర్కారు కరెన్సీ ఆర్డినెన్సు బరువు అర్థమవుతుంది. 1947 నవంబర్ 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందంపై సంతకాలయ్యాయి. ఆ వెంటనే, భారత రూపాయి రాజ్యంలో చెల్లదని ఆర్డినెన్సు వచ్చింది. ఢిల్లీ దాన్ని ఒప్పంద భంగమంది. అది ఉత్త వ్యాపార నిబంధన కాదని నేనూ అంటాను. ఏథెన్స్ తన నాణేన్ని పక్క నగరాల మీద రుద్దింది, నిజాం చుట్టూ ఉన్న దేశపు నాణేన్ని గడప బయటే ఆపాడు. ఇద్దరూ చెప్పింది ఇక్కడ ఏలేది ఎవరో.

1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చిన ఐదు రోజుల్లో నిజాం ఏలుబడి ముగిసింది. హాలీ మాత్రం అంత తొందరగా పోలేదు. తెలంగాణ ఆంధ్రతో కలిసి మూడేళ్లు గడిచాక, 1959లో గానీ అది పూర్తిగా రద్దు కాలేదు.