పిల్లిపెసరను మరవకండి

పిల్లలూ! ఐరోపా రైతులు పశువుల మేతకు ఎర్ర క్లోవరు అనే మొక్కను పెంచుతారు. అది చల్లని దేశాల మొక్క. మన ఎండలకు తాళలేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో వరి సాగు పెరిగింది. ఎండుగడ్డికి కొదవ లేదు. కాని అందులో మాంసకృత్తులు చాలా తక్కువ. మరి పశువుకు బలమెలా?

మనకు పిల్లిపెసర ఉంది. తడి నిలిచే మళ్లలో వరి కోతకు కొద్ది రోజుల ముందు విత్తనం చల్లితే చాలు. క్లోవరుకు లాగే దీని వేరు బుడిపెల్లోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. పశువుకు మేత, మిగిలినది దున్నితే నేలకు ఎరువు!

కొయ్యకాళ్లు తగలబెట్టి పొలాన్ని బీడుగా వదిలేయడం నష్టమని నా అభిప్రాయం. ఒక్క మడిలోనైనా పిల్లిపెసర చల్లమని మీ నాన్నగారిని అడగండి. పూత వేళ ఒక మొక్కను పీకి, బుడిపెను కోసి చూడండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే, అది పనిచేస్తున్నదన్నమాట!