పాత సంచిక ఎక్కడ దొరుకుతుంది?

మొన్న దీపావళికి ఇల్లు దులుపుతుంటే అటక మీద ఒక సీడీ దొరికింది. పైన మార్కర్‌తో ‘కథలు, 2002’ అని రాసుంది, నా చేతిరాతే. దాన్ని పెట్టే డ్రైవు మా ఇంట్లో ఏ కంప్యూటరుకూ లేదు. వీధి చివర జిరాక్స్ షాపు కుర్రాడి దగ్గర పాత సిస్టం ఒకటి మూలపడి ఉంటే, దుమ్ము దులిపి అందులో పెట్టాం. ఫైలు పేజ్‌మేకర్‌ది. నానా తంటాలూ పడి తెరిస్తే అందులో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, మధ్యమధ్య కామాలు.

‘ఇదేం భాష సార్?’ అన్నాడు కుర్రాడు. తెలుగే అన్నాను. నా మొహం వంక ఓసారి చూసి ఊరుకున్నాడు.

అప్పటి డీటీపీ ఫాంట్ల సంగతే అంత. లోపల దాచేది ఇంగ్లీషు అక్షరం, పైకి తొడిగేది తెలుగు బొమ్మ. ఆ ఫాంటు ఉంటే కథ, లేకపోతే గజిబిజి. పైగా ఒక్కో కంపెనీది ఒక్కో వరస. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకి చోటుంది. అయినా మన అచ్చు రంగం చాలాకాలం అటువైపు చూడలేదు. ఇప్పటికీ పాత ఫాంట్లలోనే పుస్తకం కూర్చి, పీడీఎఫ్ చేసి, ప్రెస్సుకి పంపేవాళ్లున్నారు. 1924లో సీసపు అక్షరాలతో కూర్చిన ‘భారతి’ మొదటి సంచికను నేను ఈ రోజు ఫోన్లో చదవగలను. 2002లో నేను దగ్గర కూర్చుని టైపు చేయించుకున్న నా కథను మాత్రం చదవలేను.

అచ్చు పత్రికలు పోయాయని దిగులు పడే వ్యాసాలు చాలానే చదివాం. ‘భారతి’ 1991లో ఆగింది. 1947లో పుట్టిన ‘చందమామ’ 2013 నాటికి కనుమరుగైంది. కరోనా దెబ్బకి మరికొన్ని వార, మాసపత్రికలు వెళ్లిపోయాయి. ఆ దిగులు నాకూ ఉంది. కానీ ఆగిపోయింది పత్రికే, పాత సంచికలు ఎక్కడికీ పోలేదు. ఎవరి ఇనప్పెట్టెలోనో, ఏ ఊరి గ్రంథాలయంలోనో మిగిలి, స్కానింగు పుణ్యమా అని మళ్లీ బయటికొచ్చాయి. అచ్చులో పుట్టినదాన్ని డిజిటల్ కాపాడింది. డిజిటల్‌లోనే పుట్టినదాన్ని కాపాడేదెవరు? నా బెంగ అక్కడ.

ఇదేదో గుమస్తాల గొడవ అనుకునేవాళ్లకి ఒక సంగతి గుర్తుచేయాలి. తెలుగులో తొలి కథ ఏది అని ఏళ్ల తరబడి కొట్టుకున్నాం. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది, అదే మొదటిదన్నారు. కాదు, అంతకుముందే 1902లో భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ ‘హిందూసుందరి’లో వచ్చిందన్నారు. ఏ పక్షాన నిలబడినా చేతిలో ఉండాల్సింది పాత సంచికే. ‘దిద్దుబాటు’ది ఇంకో మెలిక. పత్రికలో వచ్చిన పాఠం వేరు, తర్వాత సంపుటాల్లో తరతరాలు చదువుకున్న పాఠం వేరు. ‘ఆంధ్రభారతి’ సంచిక మిగలబట్టి ఈ తేడా బయటపడింది. అదే ఈనాటి రచయిత తన కథను ఫేస్‌బుక్‌లో పెట్టి, కామెంట్లు చూసి ముగింపు మార్చి, ఆర్నెల్లకి విసుగొచ్చి ఖాతా మూసేస్తే? వందేళ్ల తర్వాత వాదించుకోవడానికి ఏం మిగులుతుంది?

కాళీపట్నం రామారావు మాస్టారికి ఈ ప్రమాదం అందరికన్నా ముందు అర్థమైందనుకుంటాను. 1997లో శ్రీకాకుళంలో ఆయన తెరిచిన కథల గ్రంథాలయం, కథానిలయం సంగతి అందరికీ తెలుసు. కథ మొదట ఏ పత్రికలో, ఏ సంచికలో వచ్చిందన్నది అక్కడ ముఖ్యం. సంపుటంలో ఉందిగా అని ఊరుకోలేదు, పాత వారపత్రికల కట్టల కోసం ఊళ్లు పట్టుకు తిరిగారు. పాఠకులు బస్సుల్లో మోసుకొచ్చి ఇచ్చారు. ఆ పని సాధ్యం కావడానికి కారణం కాగితానికి ఉన్న ఒక మొండి గుణం. పత్రిక వెయ్యి కాపీలు వేస్తే తొమ్మిది వందల తొంభై పొట్లాలకి పోయినా పది ఎక్కడో ఒకచోట నక్కి ఉంటాయి. సంపాదకుడు చనిపోయినా, ఆఫీసుకి తాళం పడ్డా వాటికి పట్టదు.

వెబ్ పత్రికకి ఆ అదృష్టం లేదు. పదివేలమంది చదివినా అసలు ఉండేది ఒక్క చోటే. నడిపే మనిషికి ఓపిక తగ్గి, కార్డు గడువు తీరి, డొమైన్‌కి కట్టాల్సిన సొమ్ము ఆ ఏడు కట్టకపోతే పదేళ్ల సంచికలు ఒకే రాత్రి మాయం. ఆ చిరునామా నొక్కితే ఇంకెవరిదో రమ్మీ ప్రకటన వస్తుంది. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, నా రెండు వ్యాసాలకి పట్టిన గతే ఇది. పాత వెబ్ పేజీల్ని దాచిపెట్టే వేబ్యాక్ మెషిన్‌లో వెతికితే ఒకటి సగం దొరికింది. రెండోది లేదు.

శ్రద్ధగా కాపాడుకుంటున్నవాళ్లు లేకపోలేదు. 1998లో మొదలైన ‘ఈమాట’ తొలినాటి సంచికల్ని ఇవాళ్టికీ తెరిచి చదవొచ్చు. తెలుగు అంతర్జాలం శైశవంలో ఉన్నప్పటి నుంచి అంత పట్టుగా నడిపినవాళ్లకి దండం పెట్టాలి. అయితే అది కొందరి ఇష్టం మీద నిలబడ్డ వ్యవస్థ, వాళ్ల సొంత సమయం మీద నడిచే వ్యవస్థ. ఫేస్‌బుక్‌లో 2012లో పుట్టిన కవుల బృందం కవిసంగమం కూడా కవితల్ని ఏరి అచ్చు సంకలనం వేసుకుంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు కానీ, ఫేస్‌బుక్‌లో పెట్టింది నిలుస్తుందో లేదోనని ఆ కవుల అనుమానం. అందులో తప్పేం లేదు.

చట్టం ఏమంటోంది? పుస్తకం అచ్చువేసిన ప్రతి ప్రచురణకర్తా 30 రోజుల్లోగా తన ఖర్చుతో కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరాతో సహా మరో మూడింటికీ ఒక్కో కాపీ పంపాలని 1954 చట్టం చెబుతుంది. అమలు అంతంతమాత్రమే, అది వేరే కథ. వెబ్‌లో వచ్చే సాహిత్యాన్ని మాత్రం అది పట్టించుకోదు. 1954లో రాసినవాళ్లకి తెలియకపోవడం సహజం. మనకి తెలిసీ మార్చుకోలేదు. బ్రిటన్ 2013లోనే నిబంధనలు తెచ్చి వెబ్‌సైట్లను కూడా గ్రంథాలయాల్లో భద్రపరుస్తోంది. అక్కడా అంతా సవ్యంగా లేదు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి ఆ వెబ్ భాండాగారం నెలల తరబడి అందకుండా పోయింది. అయినా, దాచి పోగొట్టుకోవడం వేరు, దాచాలన్న ఆలోచనే లేకపోవడం వేరు.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ డబ్బు గ్రంథాలయాలకి చేరడమే గగనం, మళ్లీ సర్వర్లు ఎక్కడివి అంటారు. నిజమే. కానీ వచనానికి పట్టే చోటెంత? ఒక తెలుగు వెబ్ పత్రిక పదేళ్ల సంచికలు, బొమ్మలు తీసేసి అక్షరాలు మాత్రం దాస్తే, పెళ్లి వీడియో పట్టేంత జాగా కూడా అక్కర్లేదు. ఏటా డిసెంబరులో ఆ ఏటి సంచికలన్నీ యూనికోడ్ పాఠంగా కట్టగట్టి రెండు మూడు గ్రంథాలయాలకు, ఒక విశ్వవిద్యాలయానికి ఇచ్చేస్తే చాలు. ఇది ప్రభుత్వం చెయ్యాల్సిన పనే. చేసేలోపు సంపాదకులైనా మొదలుపెట్టొచ్చు. పత్రికకి ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు తెచ్చుకోవడంలో చూపించే హుషారులో సగం ఇక్కడ చూపిస్తే సరిపోతుంది.

సీడీ సంగతి అక్కడితో వదల్లేదు. ఆ కథ అప్పట్లో ఒక వారపత్రికలో వచ్చింది. హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పత్రికల గుట్టల్లో వెతికేవాణ్ని. మూడో ఆదివారం దొరికింది. ముప్ఫై రూపాయలన్నాడు, బేరం ఆడలేదు. అక్కడే నిలబడి చదువుకున్నాను. ఆఖరి పేజీ వెనక ఏదో సినిమా తార బొమ్మ ఉన్నట్టుంది, ఎవరో నలుచదరంగా కత్తిరించుకున్నారు. దాంతో పాటే చివరి పేరా కూడా పోయింది. ఏం రాశానో గుర్తు లేదు.