ఎరగా వచ్చిన జలచరము



గత వేసవిలో మేము పుట్టింటికి బయలుదేరు సందడిలో నుండగా, మా చిన్నవాడు తన గాజుతొట్టిలోని పరదేశపు చేపలను ఊరి చెరువులో విడిచివత్తునని లేచెను. "అవియు హాయిగా బ్రతుకును గదా, అమ్మా!" అనెను. నాకును అది పుణ్యకార్యముగనే తోచినది. వాని తండ్రిగారు మాత్రము వలదని వారించి, అమెరికాలోని యొక సరస్సు సంగతి చెప్పిరి. అదియే మీకు వినిపింపనెంచితిని.

విస్కాన్సిన్ రాష్ట్రపు ఉత్తరభాగమున స్పార్క్‌లింగ్ లేక్ అను సరస్సు కలదు. విస్తీర్ణము సుమారు 160 ఎకరములు. జనులు గాలము వేసి చేపలు పట్టుకొను తావు. క్రేఫిష్ అనునది రొయ్యవంటి తోకయు, పట్టుకారులవంటి ముంగాళ్లును గల మంచినీటి ప్రాణి. అందొక జాతికి ఒడలి ప్రక్కల తుప్పుమరకవంటి మచ్చ లుండును. ఒహయో నదీప్రాంతము దాని పుట్టినిల్లు. గాలమునకు ఎరగా దానిని తెచ్చినవారు మిగిలినవానిని నీట విడిచిపెట్టుటచే ఉత్తరపు సరస్సులలో వ్యాపించినది. నీటియడుగు మొక్కలను అది మొదలంట కత్తిరించును. ఆ మొక్కలే గదా చేపపిల్లలకు దాగుచోట్లు! చేపగ్రుడ్లనుగూడ తినును. ఆడుది వందలకొలది గ్రుడ్లను తోకక్రింద మోసికొని తిరుగును. మగదానితో కూడిన ఆడుది ఒక్కతె నీటబడినను చాలును, వంశము నిలుచును.

మందు చల్లినచో తక్కిన జలచరములును నశించును. కావున విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2001 మొదలు 2008 వఱకు, మన కొల్లేటివారి మావులవంటి బోనులలో మాంసపుముక్క లుంచి వానిని పట్టిరి. అయితే బోనులో బడునవి పెద్దవి, అందును మగవియే హెచ్చు. గ్రుడ్లు మోయునవి రాతిసందులు విడిచి రావు, పిల్లలు చిక్కవు. బియ్యములోని పురుగుల నేఱివేసినంతమాత్రమున గ్రుడ్లు పోవునా? అందుచే బాస్ అను చేపలను పట్టుటపై కట్టడి హెచ్చించిరి. ఆ చేపలకు చిన్న క్రేఫిష్ మంచి యాహారము. పెద్దవానిని మనుష్యుడును, చిన్నవానిని చేపయు పంచుకొనిన పిమ్మట, బోనులలో బడు సంఖ్య నూటికి 95 వంతులకు మించి తగ్గినది. మొక్కలు మరల మొలచినవి. బోను లెత్తివేసిన నాలుగేండ్లకును అవి తిరిగి విజృంభింపలేదు. కాని పూర్తిగా నశింపనులేదు.

చిన్న సరస్సునకు ఎనిమిదేండ్ల శ్రమ! మన చెరువులను గప్పిన గుర్రపుడెక్కయు ఒకప్పుడు పూవు ముచ్చటగా నున్నదని పరదేశమునుండి తెచ్చినదే. దానికి నేటివఱకు వెచ్చించిన కూలి నెవరు లెక్కింపగలరు?

మావాడు కంటనీరు పెట్టుకొనెను గాని, చేపలను ప్రక్కయింటివారి తొట్టిలో చేర్చితిమి. సాయంకాలమైనచో నేటికిని వాడచ్చటనే. తొట్టి కడిగిన నీటినిగూడ చెరువుదెసకు పోనీయక, పెరటి అరటిపాదులో పోసితిని.