దస్తర్‌ఖాన్ మీద సొరకాయకూ చోటుంది

మన ఇళ్లలో తరచూ వినబడే మాట ఒకటుంది. "ఈ పూట ఇంట్లో ఏమీ లేదు, పప్పూ కూరే" అంటారు. పొయ్యి మీద పప్పు ఉంది. బీరకాయ కూర ఉంది. జాడీలో గోంగూర పచ్చడి ఉంది. గిన్నెలో పెరుగు తోడుకుని ఉంది. అయినా 'ఏమీ లేదు'! మాంసం లేని పూటను భోజనమే లేని పూటగా లెక్కించే అలవాటు మనలో ఎంతగా నాటుకుపోయిందో ఆ ఒక్క మాటే చెబుతుంది. తోటకూర వండితే 'ఘాస్‌ఫూస్' అంటూ మూతి ముడిచే పిల్లలను చూస్తున్నాము. పెద్దలు అన్న మాటే పిల్లల నోట వస్తుంది.

ముందుగా ఒక అపోహ కలగకుండా చూసుకోవాలి. మాంసం మానుకోమని మేము చెప్పడం లేదు. అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన దానిని నిషేధించే అధికారం మనలో ఎవరికీ లేదు. ఖుర్బానీ మాంసం, వలీమా విందు మన జీవితంలో భాగాలే. మేము చెప్పదలచింది ఇంతే: కూరగాయల భోజనం పేదరికానికి గుర్తూ కాదు, రోగి పథ్యమూ కాదు, పరాయివారి ఆచారమూ కాదు. అది మనది కూడా.

భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో జరిపిన సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ పదిహేనేళ్లు దాటినవారిలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవారే. అంటే పూర్తి శాకాహారులు నూటికి ఇద్దరు కూడా లేరు. అయినా తెల్లవారితే ఏ ఊళ్లో చూసినా ఇడ్లీ, పెసరట్టు, పూరీ హోటళ్లే కిటకిటలాడతాయి. మధ్యాహ్నం ఏ ఇంట చూసినా పప్పు, పచ్చడి, మజ్జిగ ఉంటాయి. కాబట్టి మాంసం తినేవాడు ఒక మతస్థుడు, పప్పు తినేవాడు మరో మతస్థుడు అనే విభజన మన తెలుగు గడ్డ మీద నిలవదు. అందరమూ రెండూ తినేవాళ్లమే.

మన కృష్ణా డెల్టానే చూడండి. బెజవాడ వద్ద 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఆ నీటితోనే పామర్రు, మొవ్వ, కూచిపూడి, చల్లపల్లి పొలాలు పచ్చబడ్డాయి. వరి కోతకు ముందే, పైరు నిలిచి ఉండగానే, బురదలో మినుములు చల్లడం ఈ నేలలో రైతుకు తెలిసిన పద్ధతి. నేలలో మిగిలిన తేమతో, మంచుతో ఆ పైరు పండుతుంది. ఆ మినుముల నుంచే మన ఇడ్లీ, మన గారె, మన సున్నుండ వచ్చాయి. ఆ చేలలో మినుపచెట్లు పీకిన చేతులలో ముస్లిం కూలీల చేతులూ ఉన్నాయి. ఆ పంట మనది కానప్పుడు మరెవరిది?

వంటింటి భాషను గమనించినా ఇదే తెలుస్తుంది. గోంగూరను మనం అంబాడా అన్నాము. బీరకాయను తోరై అన్నాము. సొరకాయను కద్దూ అన్నాము. చింతచిగురును మాత్రం పేరు మార్చకుండా 'చిగుర్' అనే పిలుచుకున్నాము. తెలుగు నేల ఇచ్చిన కూరతో పాటు తెలుగు మాటనూ మన దక్కనీ ఉర్దూ తన దస్తర్‌ఖాన్ మీదికి తెచ్చుకుంది. ఖట్టీ దాల్, బఘారా బైంగన్, టమాటే కా కట్, మిర్చీ కా సాలన్, కద్దూ కీ ఖీర్ మన పెద్దలు వండిన వంటలే. మాంసం వండినా దానిని గోంగూరతోనో, బెండతోనో, చిగురుతోనో కలిపి వండేవారు. దాల్చాలో సొరకాయ ముక్కలు వేసేవారు. ఒక శేరు మాంసం పదిమందికి సరిపోవాలంటే తోడుగా కూరగాయ ఉండాలని ఆ ఇల్లాళ్లకు తెలుసు. కూరగాయను తరిమేసి, పళ్లెం నిండా వట్టి మాంసమే ఉంటే గొప్ప అనుకోవడం ఇటీవలి పోకడ. అది సంప్రదాయం కాదు.

దైవప్రవక్త (స) గారి ఆదర్శం మన ముందుంది. ఒక దర్జీ ఆయనను భోజనానికి పిలిచి బార్లీ రొట్టె, సొరకాయతో ఎండుమాంసంతో చేసిన పులుసు వడ్డించాడు. ప్రవక్త (స) గారు గిన్నెలో సొరకాయ ముక్కలను ఏరుకుని తినడం హజ్రత్ అనస్ (రజి) గారు చూశారు. ఆనాటి నుంచి తనకూ సొరకాయ అంటే ఇష్టం కలిగిందని ఆయన చెప్పినట్లు బుఖారీ గ్రంథంలో ఉంది. ప్రవక్త (స) గారి ఇంట నెలల తరబడి పొయ్యి వెలగని రోజులున్నాయనీ, ఖర్జూరాలు, నీళ్లతోనే గడిచేదనీ హజ్రత్ ఆయిషా (రజి) గారు తెలిపారు. ఆయన ఏ భోజనానికీ వంక పెట్టేవారు కాదు. నచ్చితే తినేవారు, లేకుంటే వదిలేసేవారు. మరి పప్పుగిన్నె చూసి ముఖం చిట్లించే మనం ఎవరి దారిన నడుస్తున్నట్టు?

ఇక ఆరోగ్యం సంగతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార నియమాలను విడుదల చేసింది. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినాలని అందులో ఉంది. మన ఇళ్లలో ఎంతమంది ఇందులో సగమైనా తింటున్నారు? మధుమేహం, రక్తపోటు లేని ఇల్లు వీధిలో ఎక్కడుందో వెదకవలసిన కాలమిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. మాంసంలోని ఇనుము ఒంటికి త్వరగా పడుతుందన్నది నిజమే. కాని చాలా ఇళ్లలో ముక్కలు మగవారి పళ్లెంలోకి వెళతాయి, వండిన ఇల్లాలికి అడుగున పులుసు మిగులుతుంది. ఆమె పళ్లెంలో రోజూ పప్పు, ఆకుకూర ఉండాలి. దానిపై నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే చాయ్ తాగితే ఆ మేలు తగ్గుతుంది. చాయ్‌ని ఒక గంట ఆగి తాగడం కష్టమైన పని కాదు.

ఇల్లాలి శ్రమనూ తలచుకోవాలి. ఆమె వంకాయ కూర వండుతుంది. భర్త తినడు. కొడుకు కోడిగుడ్డు అడుగుతాడు. మళ్లీ పొయ్యి వెలుగుతుంది. అందరూ లేచిన తరువాత ఆ చల్లారిన వంకాయ కూరతో ఆమె ఒంటరిగా కూర్చుంటుంది. ఇంటి యజమాని మొదటి ముద్ద కూరతో కలుపుకుని "బాగుంది" అంటే చాలు, పిల్లలు తమంతట తామే తింటారు.

ఇప్పుడు హోటళ్ల సంగతి. కుటుంబంతో బెజవాడ వెళ్లినప్పుడు మనలో చాలామంది శాకాహార హోటలునే వెదుక్కుంటారు. కారణం తెలిసిందే. మాంసం హలాల్ అవునో కాదోనన్న అనుమానం, పక్క బల్లపై మద్యం ఉంటుందేమోనన్న సంకోచం. ఈ జాగ్రత్త మంచిదే. కాని 'గత్యంతరం లేక' వచ్చినట్లు ముఖం పెట్టుకుని ఎందుకు కూర్చోవాలి? గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ తినడానికి అన్ని మతాలవారూ వరుసలో నిలబడతారు. ఇంటిల్లిపాదీ, బుర్ఖాలోని అమ్మీ మొదలు చంకలోని పసివాడి వరకు, అనుమానం లేకుండా తినగల చోటు అది. ఆ రోజు ఇల్లాలికి పొయ్యి నుంచి సెలవు. దానిని అల్లాహ్ అనుగ్రహంగా భావించి సంతోషంగా తినాలి.

ఈ బల్ల మనకు ఊరికే దక్కలేదన్న సంగతి పిల్లలకు చెప్పాలి. ఆంగ్లేయుల కాలంలో రైల్వే స్టేషన్లలో 'హిందూ పానీ', 'ముసల్మాన్ పానీ' అని కుండలు వేరుగా ఉండేవి. బ్రాహ్మణులకు వేరే గది ఉన్న కాఫీ హోటళ్లు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. మతం, కులం పేరిట ఎవరినీ హోటలుకు రానివ్వకుండా ఆపరాదని 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోని 15వ అధికరణం శాసించింది. ఒకే వరుసలో కూర్చుని ఒకే సాంబారు పోయించుకునే హక్కు అలా వచ్చింది.

హోటలులో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. పేరుకు శాకాహారమైనంత మాత్రాన అది ఆరోగ్యం కాదు. నూనెలో వేగిన గోబీ మంచూరియా కంటే పప్పు, వేపుడు, పులుసు, రసం, పెరుగుతో వడ్డించే మన ఆంధ్ర భోజనం ఎన్నో రెట్లు మేలు. రెండవది, అడిగి వేయించుకున్నది ఆకులో వదిలేయడం అపవ్యయం. తినగలిగినంతే అడగాలి.

ఇక అతిథి విషయం. ఇది అన్నింటికంటే ముఖ్యమైనది. మన కూచిపూడిని తీసుకోండి. ఈ అగ్రహారాన్ని భాగవతుల కుటుంబాలకు దానమిచ్చినది గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా. ఆ కుటుంబాలు శాకాహారులైన బ్రాహ్మణులు. ఆయన దస్తర్‌ఖాన్ వేరు, వారి విస్తరి వేరు. ఆ తేడా దానానికి అడ్డు రాలేదు, మూడు వందల ఏళ్ల ఈ ఊరి సహజీవనానికీ అడ్డు రాలేదు.

అటువంటి పొరుగువారు పండుగనాడు మన గడప తొక్కినప్పుడు మన బాధ్యత ఏమిటి? బిర్యానీలో ముక్కలు ఏరేసి, ఆ అన్నమే పెట్టి 'ఇది వెజ్' అనడం కొందరికి అలవాటు. ఇది మోసం. "హలాలేనా?" అని మనం అడిగినప్పుడు హోటలువాడు వినీ విననట్టు "ఆ, అంతా హలాలే" అంటే మన మనసు ఎంత నొచ్చుకుంటుంది? అడిగేవాడి బాధ తెలిసినవాళ్లం కాబట్టి, ఇతరుల నియమాన్ని కాపాడడంలో మనమే అందరికంటే ముందుండాలి. వేరే గిన్నె, వేరే గరిటె, వేరే నూనె ఉండాలి. అవి లేకుంటే లేవని చెప్పి పండు, పాలు ఇవ్వాలి. షీర్ ఖుర్మాలో పాలు, సేమియా, ఖర్జూరాలే ఉన్నాయని చెప్పాలి. అయినా ఆయన తినకపోతే చిన్నబుచ్చుకోకూడదు. ప్రవక్త (స) గారి ముందు ఒకసారి ఉడుము మాంసం పెట్టారు. తనకు అలవాటు లేదని ఆయన తినలేదు. తినవద్దని ఇతరులనూ ఆపలేదు. ఆయన చూస్తుండగానే హజ్రత్ ఖాలిద్ (రజి) గారు తిన్నారు. పళ్లేల మర్యాద ఇదే.

ఈ మర్యాదను మనమూ ఆశిస్తాము. పట్టణాల్లో 'శాకాహారులకు మాత్రమే' అని అద్దె బోర్డు వేలాడుతుంటే, ఆ మాట వెనుక కొన్నిసార్లు మరో మాట దాగి ఉంటుందని మనకు తెలుసు. పళ్లెంలో ఏముందో చూసి మనిషి శుచిని కొలవడం అన్యాయం. అది అన్యాయమని మర్యాదగానే, కాని గట్టిగా చెప్పాలి. అయితే ఆ బోర్డు మీది కోపాన్ని సొరకాయ మీద చూపడం తగదు. ఎవరో కూరగాయను గోడగా వాడుకుంటే, మనం దానిని వదులుకుంటే ఆ గోడ ఇంకా ఎత్తు పెరుగుతుంది. దానిని మన పళ్లెంలోకి తెచ్చుకుంటే ఆ గోడకు ఇటుకే దొరకదు.

కనుక సోదర సోదరీమణులారా! వారంలో కొన్ని రోజులైనా కూర, పప్పు, పచ్చడితో ఇంటిల్లిపాదీ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చోండి. 'ఏమీ లేదు' అనే మాటను ఇంట్లో వినబడనీయకండి. బిస్మిల్లా అని మొదలుపెట్టి, అల్‌హమ్దులిల్లాహ్ అని ముగించిన ప్రతి భోజనమూ నిండు భోజనమే. అల్లాహ్ మన గిన్నెలలో బర్కత్‌ను, మన పొరుగులో నమ్మకాన్ని పెంపొందించుగాక. ఆమీన్.