అమ్మీని మంచం దింపండి



మా ఆదోనిలో ఎవరింట్లోనైనా మోకాలు ఆపరేషన్ అయ్యిందంటే ఆ ఇల్లు పది రోజులు షాదీ ఘర్‌లా ఉంటుంది. అయాదత్‌కు వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. ఆపిల్ పండ్లు, హార్లిక్స్ సీసాలు, పాయా షోర్బా. వచ్చిన ప్రతి ఖాలా, ప్రతి ఫుప్పు ఒకటే మాట: "లేవొద్దు ఆపా, పండుకో. బహూలున్నారు గదా చేసేకి!" బహూలు నీళ్లందిస్తారు. కొడుకులు ఎత్తి కూర్చోబెడతారు. చూసినవాళ్లంతా "మాషాఅల్లాహ్, ఎంత ఖిద్మత్!" అంటారు.

మూడు నెలల తర్వాత అదే ఇంటికి పోయి చూడండి. అమ్మీ అదే మంచం మీద ఉంటుంది. కాలు సగం కూడా వంగదు, పూర్తిగా చాపుకోనూ రాదు. "ఆపరేషన్ ఫెయిల్" అని ఇల్లంతా డాక్టర్‌ను తిడుతుంటుంది.

ఫెయిలయ్యింది ఎవరు జనాబ్? డాక్టరా, మనమా?

ఈ ఇల్జామ్ ఇంకొకరి మీద వేసి తప్పించుకోను. మా అమ్మీ మీద ఈ జుల్మ్ చేసింది నేనే. ఏళ్ల తరబడి గొంతుక్కూర్చుని బుడ్డలు ఒలిచి మమ్మల్ని చదివించిన మనిషి ఆమె. ఆపరేషనై ఇంటికొచ్చిన నాలుగో రోజు ఫిజియోథెరపీ అబ్బాయి మోకాలు వంచుతుంటే "యా అల్లాహ్" అని అరిచింది. నాకు చూడబుద్ధి కాలేదు. "చాలు, రేపట్నుంచి రావొద్దు" అని అతన్ని పంపించేశా. ఆ రాత్రి మంచి కొడుకునని అనుకుని నిద్రపోయా. అమ్మీ ఈ రోజుకీ బస్సు మెట్టెక్కలేదు. ఆటోలో కాలు బయటికి పెట్టి కూర్చుంటుంది. ఎమ్మిగనూరులో మా చెల్లెలి ఇల్లు దాదాపు 30 కిలోమీటర్లు. ఆమెకు అది మక్కా అంత దూరమయ్యింది.

అసలు ఆ ఆపరేషన్‌లో ఏం చేస్తారో మనలో ఎంతమందికి తెలుసు? మోకాలు మొత్తం తీసేసి ఇనుప మోకాలు బిగిస్తారని చాలామంది వహమ్. అట్ల కాదు. తొడ ఎముక కింది కొస, కాలి ఎముక పై కొస అరిగిపోయి ఉంటాయి. వాటిని కొన్ని మిల్లీమీటర్లు చెక్కి లోహపు తొడుగులు వేస్తారు. మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. అవసరమైతే మోకాలి చిప్ప వెనక ఒక ప్లాస్టిక్ బిళ్ల. పంటికి క్యాప్ వేసినట్టే అనుకోండి. కండరాలు, నరాలు అన్నీ అమ్మీవే. నొప్పికి భయపడి ఏళ్లుగా వాడక ఆ తొడ కండరం సన్నబడిపోయి ఉంటుంది. దాన్ని ఏ సర్జనూ మార్చలేడు. దానికి కసరత్తు ఒక్కటే ఇలాజ్.

ఇంకోటి. కోసిన చోట శరీరం లోపల మచ్చలాంటి కండ అల్లుకుంటుంది. కీలు కదులుతుంటే అది సాగుతుంది. కదలకపోతే గట్టిపడి కీలుకు తాళం వేస్తుంది. అందుకే మొదటి ఆరు వారాలు చాలా ఖీమతీ. ఆ తాళం పడితే కొందరికి మళ్లీ మత్తిచ్చి కాలు వంచాల్సి వస్తుంది.

ఆపరేషన్ రోజే, లేకుంటే మర్నాడే వాకర్ పట్టించి నిలబెడుతున్నారంటే ఇదే కారణం. నడిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా తగ్గుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే జాన్‌కే ఖత్రా. ఇంట్లో మనం చేయించాల్సినవి పెద్ద విద్యలేం కావు. పాదాలు పైకీ కిందికీ ఆడించడం, తొడ బిగించి వదలడం, కాలు నిటారుగా చాపడం, మడమ జరుపుతూ మోకాలు వంచడం. ఇవి రోజుకు మూడు నాలుగు సార్లు. కుర్చీలో సరిగ్గా కూర్చోవాలంటే 90 డిగ్రీలు వంగాలి, మెట్లు దిగాలంటే ఇంకొంచెం ఎక్కువ. నొప్పి మాత్ర ఎప్పుడు వేయాలో డాక్టర్‌ను అడిగి, అది పనిచేసే టైముకు కసరత్తు పెట్టుకోండి. మోకాలి కింద దిండు మాత్రం పెట్టొద్దు. మనం ముహబ్బత్‌తో పెట్టే ఆ మెత్తటి దిండే కాలును వంకరగా బిగిస్తుంది. పెట్టాలంటే మడమ కింద పెట్టండి.

వాకర్ నుంచి చేతికర్రకు మారేకి కొన్ని వారాలు పడుతుంది. ఇంటి పనులకు ఆరు వారాల నుంచి మూడు నెలలు. వాపు, బిగుతు పూర్తిగా పోయేకి ఏడాది దాకా పట్టొచ్చు. సబర్ అంటే మంచం మీద పడుకోవడం అనుకుంటున్నాం మనం. ఈ ఏడాదంతా రోజూ లేచి నడవడమే అసలు సబర్.

ఇక వంకల సంగతి.

"ఉన్న పైసలన్నీ ఆపరేషన్‌కే పోయాయి." కర్నూలుకో, బళ్లారికో, హైదరాబాద్‌కో పోయి లక్షల బిల్లు కట్టేటప్పుడు ఒక్క కాగితం చదవం. ఇంటికొచ్చాక ఫిజియో దగ్గర వంద రూపాయలకు బేరమాడతాం. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్లకు ధర హద్దు పెట్టింది. సగటున లక్షా 58 వేలకు అమ్ముతున్న మామూలు కోబాల్ట్ క్రోమియం రకం జీఎస్టీ కాక 54,720 రూపాయలకు దిగింది. ఇంప్లాంట్ పేరు, ధర బిల్లులో విడిగా రాయమని అడగడం మన హఖ్. సర్కారు పథకంలో ఏం వర్తిస్తుందో ముందే ఆరోగ్యమిత్రను అడగండి. ఆపరేషన్‌కు పైసలు జమ చేసేటప్పుడే ఫిజియో వాటా పక్కకు తీసిపెట్టండి.

"మగ ఫిజియో అమ్మీ కాలు ముట్టుకుంటాడా?" ఆపరేషన్ చేసింది ఎవరు భాయ్? అప్పుడు అడ్డురాని పర్దా ఇప్పుడెట్ల వచ్చింది? సరే, లేడీ ఫిజియో దొరికితే పిలవండి. దొరక్కపోతే డిశ్చార్జ్‌కు ముందే కూతురినో బహూనో పక్కన నిలబెట్టి ప్రతి కసరత్తూ నేర్పించండి, ఫోన్‌లో వీడియో తీసుకోండి.

"కుర్చీ మీద నమాజా? లోగ్ క్యా కహేంగే?" నిలబడలేనివాళ్లు కూర్చుని, అదీ కాకపోతే పడుకుని నమాజ్ చదవొచ్చని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి.) రివాయత్ బుఖారీలోనే ఉంది. కుర్చీ ఎప్పుడు, రుకూ సజ్దా ఎట్లా అనే మసాయిల్ మీ ఆలిమ్‌ను అడగండి. నేల మీద సజ్దా చేయలేక ఏడుస్తున్న అమ్మీని ఇంకా గునాహ్‌గార్‌ను చేసేది మన నోళ్లే, దీన్ కాదు. ఇంట్లో కమోడ్ పెట్టించడానికి కూడా ఇజ్జత్ అడ్డం తెచ్చుకోకండి.

ఇన్సాఫ్‌గా ఇంకో మాట. మోకాలు నొప్పి ఉన్న ప్రతి అమ్మీకీ ఆపరేషన్ అక్కర్లేదు. బరువు తగ్గడం, తొడ కసరత్తు, చేతికర్ర, కింద కూర్చోవడం మానడం ముందు చేసి చూడాలి. ఇవన్నీ చేసినా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉండి, ఎక్స్‌రేలో కీలు పూర్తిగా అరిగిపోయి కనిపిస్తే అప్పుడు ఆలోచించాలి. షుగర్ ఉంటే ముందు అదుపులోకి తేవాలి. పొట్లం కట్టిచ్చే పేరు లేని నొప్పి మాత్రలు ఏళ్లపాటు మింగితే కిడ్నీలు పోతాయి. ఆపరేషన్ అయినాక గాయం నుంచి చీము కారినా, జ్వరమొచ్చినా, పిక్క వాచి నొప్పెట్టినా, ఊపిరి ఆడకపోయినా మాలిష్ చేసేవాడి దగ్గరికి కాదు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి.

దమ్మామ్‌లో, దుబాయ్‌లో ఉన్న బేటాలారా! వీడియో కాల్‌లో "ఎట్లున్నావు అమ్మీ" అని అడిగి పెట్టేయకండి. "ఈ రోజు ఎంత వంగింది? ఎన్ని అడుగులు నడిచావు?" అని అడగండి. ఊర్లో ఉన్న కొడుకులారా, బహూల మీద వదిలేయకండి. అమ్మీ మీది, ఫర్జ్ మీది.

మా అమ్మీకి రెండో మోకాలు కూడా అరిగిపోయింది. ఆపరేషన్ చేయించుకుందామంటే నవ్వింది. "ఒక కాలును ఖైద్ చేసినావు బేటా, ఇదైనా ఆజాద్‌గా ఉండనీ" అంది. నా దగ్గర జవాబు లేదు. మీ అమ్మీ నోట ఆ మాట రాకముందే ఆమె చేతికి వాకర్ ఇవ్వండి. నీళ్లు అందించకండి. వంటింటి దాకా నడిచి తనే ముంచుకుని తాగనీయండి.

దువాల్లో మా అమ్మీని యాద్ పెట్టుకోండి.