ఓడిన గుర్రం ఎంతటిది?

మార్చి వచ్చిందంటే మన ఇళ్లలో పరీక్షల హడావుడి. పిల్లలకంటే పెద్దలకే కంగారెక్కువ. సరిగ్గా అదే నెలలో ఇంగ్లండ్, ఐర్లండ్ దేశాల్లోని గుర్రపు లాయాల్లోనూ ఇలాంటి కంగారే ఉంటుంది. అక్కడి పరీక్షా కేంద్రం పేరు చెల్ట్‌నమ్. ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌షైర్‌లో ఉందీ ఊరు. ఏటా మార్చి మధ్యలో నాలుగు రోజులు అక్కడ పందేల పండుగ జరుగుతుంది. చివరి రోజైన శుక్రవారం గోల్డ్ కప్. కంచెలు దూకే గుర్రాలకు అంతకు మించిన పరీక్ష లేదు.

గుర్రప్పందెం అనగానే మనకు మలక్‌పేట గుర్తొస్తుంది. అక్కడ గుర్రాలు చదునైన మైదానంలో పరిగెడతాయి. రెండు మూడు నిమిషాల్లో ఫలితం తేలిపోతుంది. చెల్ట్‌నమ్ సంగతి వేరు. ఈ పందేన్ని స్టీపుల్‌ఛేజ్ అంటారు. స్టీపుల్ అంటే చర్చి శిఖరం. 1752లో ఐర్లండ్‌లో ఇద్దరు పెద్దమనుషులు ఒక ఊరి చర్చి నుంచి ఇంకో ఊరి చర్చి దాకా, శిఖరాన్నే గురిగా పెట్టుకుని, దారిలో అడ్డొచ్చిన గోడలూ కాలవలూ దూకుతూ పందెం వేసుకున్నారట. పేరు అలా వచ్చిందని చెబుతారు. ఇప్పుడు గోడల బదులు, కొమ్మలు దట్టంగా కుదించి కట్టిన కంచెలు. ఒక్కొక్కటీ కనీసం నాలుగున్నర అడుగుల ఎత్తు. గోల్డ్ కప్‌లో అలాంటివి 22 దాటాలి. మొత్తం దూరం సుమారు 5.3 కిలోమీటర్లు. ఒళ్లంతా అలిసిపోయాక చివర్లో ఏటవాలు ఎక్కాలి. గెలుపు అందినట్టే అందక జారిపోయేది ఆ ఎత్తు మీదే.

పండుగ అయిపోయిన మర్నాడు అసలు చర్చ మొదలవుతుంది. గెలిచింది ఎవరో అందరికీ తెలుసు. తేలాల్సింది, ఏ గుర్రం ఎంతటిదన్నది. ఆ రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. కాదు. ఎందుకు కాదో తెలియాలంటే పక్కపక్క గదుల్లో పెరిగిన రెండు గుర్రాల కథ వినాలి.

ఇరుగు పొరుగు

ఒకటి కౌటో స్టార్, ఇంకొకటి డెన్మన్. రెండూ 2000లోనే పుట్టాయి. సామర్‌సెట్‌లోని డిచీట్ అనే పల్లెలో పాల్ నికోల్స్ లాయంలో పక్కపక్కనే ఉండేవి. శిక్షకుడు ఒకడే అయినా రెండింటి తీరు వేరు. కౌటో స్టార్‌ది వేగం, చురుకు. డెన్మన్‌ది ట్యాంకు లాంటి నడక. ముందుకెళ్లి కూర్చుంటే వెనకాలవాళ్ల ఊపిరి తీసేసేది.

2007లో గోల్డ్ కప్ కౌటో స్టార్‌ది. చివరి కంచె దగ్గర తడబడినా నిలదొక్కుకుని గెలిచింది. మరుసటి ఏడాది పొరుగు గుర్రం బరిలోకి దిగింది. కౌటో స్టార్ మీద రూబీ వాల్ష్, డెన్మన్ మీద శామ్ థామస్. డెన్మన్ తన పద్ధతిలోనే అందరినీ అలగ్గొట్టి, 7 లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు, దాదాపు ఎనిమిది అడుగులు. కౌటో స్టార్‌కు రెండో స్థానం కూడా కష్టమ్మీదే దక్కింది. అదే లాయానికి చెందిన నెప్ట్యూన్ కొలోంజ్ అనే తెల్ల గుర్రం తలలో సగమంత తేడాతో మూడోదయింది. ఈ మూడో గుర్రాన్ని కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఆ సాయంత్రం తీర్పు సులువు: డెన్మన్ గొప్పది, కౌటో స్టార్ పనైపోయింది!

తూకం వేసే పద్ధతి

కానీ గుర్రాలకు మార్కులు వేసే వృత్తివాళ్లు అంత తొందరగా తీర్పు చెప్పరు. ముందు తేడా ఎన్ని లెంగ్త్‌లో చూస్తారు. దాన్ని బరువులోకి మారుస్తారు. మూడు మైళ్ల పందెంలో ఒక లెంగ్త్ ఒక పౌండు బరువుకు సమానమని ఒక మోటు లెక్క. అంటే 2008 నాటి ఏడు లెంగ్త్‌ల తేడా విలువ సుమారు మూడు కిలోలు.

బరువెందుకంటారా? హ్యాండిక్యాప్ అనే రకం పందేల్లో బలమైన గుర్రం జీనులో సీసం బిళ్లలు పెట్టి, బలహీనమైన దానికి సమం చేస్తారు. గోల్డ్ కప్‌లో అలాంటి సర్దుబాటు ఉండదు. ఆ రోజు మగ గుర్రాలన్నీ మోసింది జాకీతో కలిపి 74 కిలోలు. అదే డెన్మన్ అంతకు కొన్ని నెలల ముందు, 2007 చివర్లో, న్యూబరీలో హెనెస్సీ అనే హ్యాండిక్యాప్ పందెం గెలిచింది. మోసిన బరువు 75 కిలోలకు పైనే. తనకంటే తేలిక బరువులు మోసినవాటిని 11 లెంగ్త్‌ల వెనక వదిలేసింది. కాబట్టి మార్చిలో గెలుపు గాలివాటం కాదు. ముందే రాసి ఉన్న లెక్క అది.

ఈ బరువుల లెక్కలో అందరికంటే ఎత్తున నిలిచింది 1960ల నాటి ఐరిష్ గుర్రం ఆర్కిల్. 1964, 65, 66 గోల్డ్ కప్‌లు దానివే. అది బరిలో ఉంటే మిగతావన్నీ కనీస బరువు దగ్గరే పోగుపడేవి. దాంతో ఐర్లండ్‌లో నిబంధనే మార్చారు. ఆర్కిల్ పరిగెడితే ఒక బరువుల పట్టిక, పరిగెట్టకపోతే ఇంకో పట్టిక! టైమ్‌ఫామ్ సంస్థ దానికి వేసిన 212 మార్కులను ఇప్పటికీ ఏ స్టీపుల్‌ఛేజ్ గుర్రమూ అందుకోలేదు. మన కౌటో స్టార్‌కు అందిన గరిష్ఠ మార్కులు 191. ఆ మార్కులు గోల్డ్ కప్‌లో వచ్చినవి కావు. 2009 డిసెంబరులో కెంప్టన్‌లో జరిగిన కింగ్ జార్జ్ పందేన్ని 36 లెంగ్త్‌ల తేడాతో గెలిచినప్పుడు వచ్చినవి. కెంప్టన్ మైదానం చదును, మలుపులు కుడిచేతివైపు. చెల్ట్‌నమ్ ఎత్తుపల్లాలు, మలుపులు ఎడమవైపు. ఒక చోట రాజు ఇంకో చోట బంటు కావచ్చు. అందుకే బరువు తరవాత చూడాల్సింది మైదానం. ఆ తరవాత నేల మెత్తగా ఉందా గట్టిగా ఉందా, ముందు పరిగెత్తినవి ఎంత వేగం పట్టాయి అన్నది.

కనిపించని కారణం

ఇన్ని చూసినా లెక్కకందనిది ఒకటుంది. 2008 మార్చిలో గెలిచిన డెన్మన్‌కు, అదే ఏడాది కొన్ని నెలలకే గుండె లయ తప్పుతోందని తేలింది. చికిత్స చేశారు. తిరిగొచ్చి పరిగెత్తిన మొదటి పందెంలో చాలా దూరంలో ఓడింది. 2009 గోల్డ్ కప్‌లో కౌటో స్టార్ 13 లెంగ్త్‌ల తేడాతో దాన్ని ఓడించింది. పోగొట్టుకున్న గోల్డ్ కప్‌ను తిరిగి గెలుచుకున్న మొదటి గుర్రంగా చరిత్రకెక్కింది. పత్రికల్లో పతాక శీర్షికలన్నీ దానివే. న్యాయమే. కానీ కాగితం మీద 13 లెంగ్త్‌ల ఓటమిగా కనిపించేది, గుండె జబ్బు నుంచి లేచొచ్చిన గుర్రానికి ఓటమా? అది డెన్మన్ జీవితంలో గొప్ప పరుగుల్లో ఒకటని నాకనిపిస్తుంది.

2010లో ఇద్దరిలో ఎవరని జనం రెండు వర్గాలుగా చీలిపోతే, కప్పు ఇంపీరియల్ కమాండర్ ఎత్తుకుపోయింది. కౌటో స్టార్ చివరి నుంచి నాలుగో కంచె దగ్గర పల్టీ కొట్టింది. డెన్మన్ మళ్లీ రెండోది. పడిపోయిన గుర్రానికి ఏ మార్కు వేయాలి? పడకపోతే గెలిచేదని అనడం అభిమానం. దూకడం రాదని అనడం అన్యాయం. తెలిసినవాళ్లు ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు.

2011లో ఆరేళ్ల లాంగ్ రన్ గెలిచింది. డెన్మన్ రెండు, కౌటో స్టార్ మూడు. అప్పటికి రెండింటికీ పదకొండేళ్లు. ముసలివైపోయాయి, విశ్రాంతినివ్వండి అన్నారు. మే నెలలో కౌటో స్టార్ ఐర్లండ్‌లో ఒక పందెం మధ్యలోనే ఆగిపోయేసరికి ఆ మాట ఇంకా గట్టిగా వినిపించింది. నవంబరులో హేడాక్‌లో అదే లాంగ్ రన్‌తో మళ్లీ పోటీ. ఈసారి కౌటో స్టార్ 8 లెంగ్త్‌ల ముందుంది. డిసెంబరులో మళ్లీ దాన్నే ఓడించి ఐదో కింగ్ జార్జ్ గెలిచింది. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు.

పదేళ్ల తరవాత ఇలాంటిదే ఇంకో కథ. హెన్రీ డి బ్రోమ్‌హెడ్ లాయంలోని రెండు గుర్రాల్లో 2021లో మినెల్లా ఇండో గెలిచింది, ఎ ప్లూ తార్ రెండోదయింది. 2022లో స్థానాలు తారుమారు. రేచల్ బ్లాక్‌మోర్ స్వారీలో ఎ ప్లూ తార్ 15 లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. గోల్డ్ కప్ గెలిచిన మొదటి మహిళా జాకీ ఆమే. ముందు ఏడాది రెండో స్థానంలో వచ్చినప్పుడూ ఆ గుర్రం మీద ఉన్నది ఆమే.

మూడో గుర్రం

ఇక గుర్తుంచుకోమన్న నెప్ట్యూన్ కొలోంజ్ సంగతి. 2008లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నాలుగేళ్ల తరవాత, 2012 ఏప్రిల్‌లో, లివర్‌పూల్ దగ్గర ఎయింట్రీలో జరిగిన గ్రాండ్ నేషనల్‌ను ముక్కు తేడాతో గెలిచింది. ఒక తెల్ల గుర్రం ఆ పందెం గెలవడం 1961 తరవాత అదే మొదలు.

అదే పందెంలో ఇంకోటి కూడా జరిగింది. అంతకు నెల రోజుల ముందు గోల్డ్ కప్ గెలిచిన సింక్రనైజ్డ్ ఒక కంచె దగ్గర పడింది. లేచి, జాకీ లేకుండానే పరిగెడుతూ కాలు విరగ్గొట్టుకుంది. ఇక బతకలేదు. మార్చిలో దాని గెలుపు గుర్తున్నవాళ్లకు ఏప్రిల్‌లో ఏమనాలో తోచలేదు. ఈ ఆటకు ఉన్న చీకటి ఇది. దీన్ని వదిలేసి మార్కులు మాత్రం వేస్తే ఆ లెక్క పూర్తి కాదు. గ్రాండ్ నేషనల్‌లో గుర్రాల సంఖ్యను 2024 నుంచి 40 బదులు 34కు తగ్గించారు. తగ్గించాల్సింది ఇంకా ఉందనేవాళ్లూ ఉన్నారు.

కౌటో స్టార్ 2015లో, డెన్మన్ 2018లో కన్నుమూశాయి. ఏది గొప్పదన్న వాదం మాత్రం ఆగలేదు. చెల్ట్‌నమ్‌లో ముఖాముఖి తలపడ్డ మొదటి మూడుసార్లూ, 2008, 2009, 2010 ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒక్క ఏడాది కాగితం చూసి తేల్చేసి ఉంటే మనకు తప్పుడు జవాబే దొరికేది.

పందెం ఫలితం ఆ రోజుకు నిజం. గుర్రం విలువ తేలడానికి మాత్రం అది మోసిన బరువు చూడాలి, పరిగెత్తిన నేల చూడాలి, బయటికి చెప్పుకోలేని జబ్బేమైనా ఉందేమో చూడాలి. అన్నిటికంటే ముందు ఇంకో అవకాశం ఇవ్వాలి. రేపు మీ ఇంట్లోకి మార్కుల జాబితా వచ్చినప్పుడు, ఆ కాగితం మీద లేనివి ఏమిటని కూడా ఓసారి అడిగి చూడండి.